‘యూజువల్ సస్పెక్ట్స్’లో అసలు సోజే ఎవరు? కోబయాషీ అంటే ఒప్పుకుంటారా?

నైట్‌షో_నాని

సినిమా చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి, క్లైమాక్స్‌తో సహా అన్నీ వచ్చేస్తాయి. మర్చిపోయినవాళ్లకి కథ రెండు ముక్కల్లో: ఓడ మీద జరిగిన హత్యల గురించి వెర్బల్ కింట్ అనే కాలీడ్చుకుంటూ నడిచే నేరగాణ్ని కస్టమ్స్ ఏజెంట్ కుజాన్ విచారిస్తాడు. తనతో పాటు పోలీసు వరసలో నిలబడ్డ కీటన్, మరో ముగ్గురి కథనీ, మొహం తెలియని గ్యాంగు పెద్ద కైజర్ సోజే కథనీ వెర్బల్ చెప్తాడు. వాడు వెళ్లిపోయాకే అది ఆ గదిలోని బోర్డు, కప్పు చూసి అల్లిందని కుజాన్‌కి తెలుస్తుంది.

శనివారం రాత్రి ‘ద యూజువల్ సస్పెక్ట్స్’ (1995) మళ్లీ పెట్టాను. నాకిది నాలుగోసారి, మా తమ్ముడికి మొదటిసారి. చివర్లో కాఫీ కప్పు కిందపడి పగిలేటప్పుడు నేను తెర వైపు చూడలేదు, వాడి మొహం చూస్తూ కూర్చున్నాను. వాడు కనీసం కదల్లేదు. టీవీ ఆపాక తాపీగా అడిగాడు: “ఆ కాలీడ్చుకుంటూ నడిచేవాడే కైజర్ సోజే అని ఎక్కడ తేలింది?”

వాడి వాదన ఇదీ. ఒళ్లంతా కాలి ఆసుపత్రిలో ఉన్న హంగేరియన్ చెప్పిన పోలికలతో గీసిన బొమ్మ వెర్బల్ కింట్‌లా ఉంది, సరే. దాంతో తేలేది వెర్బల్ ఓడ మీద మనుషుల్ని చంపాడనే కదా. గ్యాంగుకి పెద్ద వాడేనని ఎలా అంటాం? బయట కారు తెచ్చి ఎక్కించుకెళ్లిన లాయర్ కోబయాషీ అసలు పేరు సినిమా అయిపోయినా మనకి తెలియదు. పేరు దాచుకున్నవాడే అసలు సోజే, వెర్బల్ వాడి చేతికింద మనిషి.

రెండు రోజుల నుంచి జవాబు వెతుక్కుంటున్నాను. తప్పు అనిపిస్తోంది గానీ ఎక్కడ తప్పో పట్టుకోలేకపోతున్నాను. మీరేమంటారు?

బెజవాడ_బుల్లోడు

తమ్ముడు గట్టివాడే. నాకు నచ్చింది.

పాత_సీడీ

కోబయాషీ కాదు, వెర్బల్ కాదు. కీటన్. నేను ఈ మాట మీద పాతికేళ్ల నుంచి ఉన్నాను.

కాకినాడ_కాజా

పాత_సీడీ గారూ, సినిమానే స్వయంగా కీటన్ కాదని చెప్పాక ఇంకేం మిగిలింది?

పాత_సీడీ

చెప్తాను. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండే రోజుల్లో ఈ సినిమా చూశాను. అద్దెకు తెచ్చిన రెండు సీడీలు. రెండో సీడీ మీద అరచేయంత గీత. కుజాన్ వెర్బల్‌ని నిలదీసి “కీటనే కైజర్ సోజే” అని ఒప్పించి, వెర్బల్ ఏడుస్తూ బయటికి నడిచే దగ్గర బొమ్మ చతురస్రాలుగా విరిగి ఆగిపోయింది. చొక్కా కొసతో తుడిచాం, టూత్‌పేస్ట్ రాశాం, కదల్లేదు. గదిలో ఆరుగురం అదే ముగింపు అనుకుని పడుకున్నాం. కప్పు పగిలే సీన్ ఒకటుందని నాకు ఏడేళ్ల తర్వాత తెలిసింది.

ఆ ఏడేళ్లూ కీటన్‌ని సోజే అనుకునే బతికాను, కథలో ఎక్కడా అతుకు కనపడలేదు. కీటన్ ఒకప్పుడు పోలీసు. ఒకసారి తను చనిపోయినట్టు లోకాన్ని నమ్మించి మళ్లీ బయటికొచ్చినవాడు. అలాంటివాడికి రెండోసారి చావడం ఎంత పని?

సబ్‌టైటిల్_సరిత

ఏడేళ్లు! ఆ సీడీ ఇచ్చిన షాపువాడికి తెలియకుండానే ఇంకో సినిమా తీసిపెట్టాడు మీకు.

కాకినాడ_కాజా

ఒక్క మాట మాత్రం పాత_సీడీ గారి పక్షాన చెప్పాలి. కీటన్‌గా చేసిన గాబ్రియెల్ బర్న్ కూడా పూర్తయిన సినిమా చూసేదాకా తానే సోజే అనుకున్నాడని తర్వాత ఇంటర్వ్యూల్లో వచ్చింది. నటుణ్నే నమ్మించారంటే, గీతపడ్డ సీడీ చూసినవాళ్లని తప్పు పట్టలేం.

స్టేషన్_రైటర్_గారబ్బాయి

కొంచెం పెద్దదే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మా నాన్న ముప్పై ఏళ్లు స్టేషన్ రైటర్‌గా చేశారు. రాతపనంతా ఆయనదే. ఈ సినిమా ఆయనకి నేనే చూపించాను, ఇంగ్లిష్ అంతగా రాదు కాబట్టి ముక్కముక్కకీ ఆపి చెప్తూ. గోడ మీద బోర్డు దగ్గరికి కెమెరా వెళ్లగానే లేచి నిలబడిపోయారు. తర్వాత తన సర్వీసులో జరిగింది ఒకటి చెప్పారు.

ఒక దొంగతనం కేసులో ఒకతన్ని కూర్చోబెట్టి అడుగుతున్నారట. సామాను ఎవరికి అమ్మావు అంటే ఒక షావుకారు పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, తడుముకోకుండా. నాన్న రాసుకున్నారు. ఊరు అడిగితే అదీ చెప్పాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు వెళ్లొచ్చారు. ఆ పేరుతో ఆ ఊళ్లో నిజంగానే కొట్టు ఉంది, అయితే ఎరువుల కొట్టు. పాపం ఆ షావుకారు బెదిరిపోయి పరిగెత్తుకుంటూ స్టేషన్‌కి వచ్చాడు. లోపలికి అడుగుపెట్టి, నాన్న కుర్చీ వెనక గోడ చూసి, “అయ్యా, నా క్యాలెండర్ మీ దగ్గరే ఉందే” అన్నాడట.

మూడు గంటలసేపు ఆ మనిషి నాన్న భుజం మీదుగా క్యాలెండర్ చదువుతూ జవాబులు చెప్పాడన్నమాట. నాన్న అప్పట్నుంచి విచారణ చేసే గదిలో క్యాలెండర్ ఉంచలేదు.

అందుకని నాని గారూ, మీ తమ్ముడికి నా జవాబు ఇది. “కోబయాషీ” అనే పేరు వెనక పెద్ద రహస్యం వెతకక్కర్లేదు. అది కప్పు అడుగున ముద్రించి ఉన్న పేరు, అంతే. కుజాన్ కప్పు ఎత్తి తాగుతుంటే ఎదురుగా కిందకి కూర్చున్నవాడికి ఆ అడుగు కనపడుతుంది. చేసిన నటుడు పీట్ పోస్ల్‌త్‌వెయిట్ ఇంగ్లిష్ మనిషి, పేరు చూస్తే జపాన్‌ది. ఆ రెండూ అతకకపోవడమే మనకిచ్చిన ఆచూకీ.

బెజవాడ_బుల్లోడు

“నా క్యాలెండర్ మీ దగ్గరే ఉందే”... ఇది చదివి ఆఫీసులో గట్టిగా నవ్వేశాను, పక్క సీటాయన ఏమైందని అడిగాడు.

నైట్‌షో_నాని

మీ నాన్నగారికి దండం. కానీ రైటర్ గారబ్బాయీ, మా వాడి ప్రశ్న అలాగే ఉంది. పేరు అబద్ధమే, ఒప్పుకున్నాం. మనిషి అబద్ధం కాదుగా? కారులో కళ్లముందు కూర్చున్నాడు.

ఓరుగల్లు_పిల్ల

ఇక్కడ అందరూ ఒక పని చేయట్లేదు. సినిమాలో ఏది వెర్బల్ నోటి నుంచి వచ్చింది, ఏది వాడు లేకుండా మనం చూశాం, ఈ రెండూ విడదీయండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

వాడు చెప్పకుండానే మనకి తెలిసినవి చాలా తక్కువ. శాన్ పెడ్రో రేవులో ఓడ తగలబడింది, శవాలు తేలాయి. హంగేరియన్ బతికాడు. సోజే పేరు పలికింది వాడే. ఎఫ్‌బీఐ ఏజెంట్ బేర్ ఆ పేరు విన్నాడు, బేర్ నుంచి కుజాన్ విన్నాడు, అప్పుడు కుజాన్ వచ్చి వెర్బల్‌ని అడిగాడు. అంటే సోజే అనే పేరు వెర్బల్ పుట్టించింది కాదు. కీటన్ పాత కేసులు పోలీసు రికార్డులో ఉన్నాయి. కీటన్ ప్రేమించిన లాయర్ ఈడీ చనిపోయిన సంగతి కుజానే చెప్తాడు. చివర్లో బొమ్మ ఫ్యాక్స్‌లో వచ్చింది, కారు వచ్చింది.

మిగతాదంతా మాటే. టాక్సీల దోపిడీ, లాస్ ఏంజెలెస్‌లో దొంగసొత్తు కొనే రెడ్‌ఫుట్, టర్కీలో సోజే సొంత పెళ్లాం బిడ్డల్ని కాల్చేసుకున్న కథ, ఆ ఐదుగురిలో ఒకడైన ఫెన్‌స్టర్ పారిపోయి చావడం, అన్నీ వాడు చెప్తుంటే మనకి బొమ్మలుగా కనిపించాయి. బొమ్మ కనిపించింది కదా అని నిజం అనుకున్నాం.

కాకినాడ_కాజా

వెర్బల్ సోజే కానక్కర్లేదు, సోజే అసలు లేడు అనేవాళ్లకి ఓరుగల్లు_పిల్ల గారి పోస్టే సమాధానం. పేరు వాడికంటే ముందే గదిలోకి వచ్చింది.

మొదటిబెంచీ_మూర్తి

అయితే సినిమా మొదటి సీన్ ఎటు వేస్తారు? ఓడ మీద కీటన్ కాళ్లు పడిపోయి ఉంటాడు. పైనుంచి దిగివచ్చినవాడి మొహం చూపించరు. కోటు, టోపీ, బంగారు లైటర్. అప్పటికింకా వెర్బల్ కథ మొదలెట్టలేదు. కాబట్టి అది నిజం. అందులో కీటన్ చచ్చాడు. పాత_సీడీ గారి సిద్ధాంతం అక్కడే పోయింది.

పాత_సీడీ

మొహం చూపించలేదు అన్నారు, కీటన్ చచ్చాడు అన్నారు. కాల్చడం కూడా సరిగ్గా చూపించలేదుగా? తుపాకీ పేలింది, కెమెరా పక్కకు పోయింది. మీ లెక్క ప్రకారమే “చూశాం” అనడానికి లేదు.

మొదటిబెంచీ_మూర్తి

కెమెరా ఎటు పోయిందో గమనించారా? తాళ్ల కుప్ప మీదకి. తర్వాత వెర్బల్, నేను ఆ తాళ్ల వెనక దాక్కుని చూశాను అంటాడు, అప్పుడు అదే సీన్‌లో ఆ వెనక వెర్బల్ కనిపిస్తాడు. మొదటిసారి అక్కడ ఎవరూ కనపడరు. అంత నిజాయితీగా ముందే చెప్పిన సినిమా ఇంకోటి నాకు తెలియదు. దాక్కున్నవాడు లేడు, ఎందుకంటే వాడే కిందకి దిగి కాల్చాడు.

నైట్‌షో_నాని

ఇది నేను నాలుగుసార్లు చూసీ గమనించలేదు. ఇవాళ రాత్రే మళ్లీ పెడతాను.

గుంటూరు_వకీలు

వృత్తిరీత్యా ఒక మాట. మన దగ్గరైతే వెర్బల్ చెప్పిన ఆ కథంతా కోర్టులో నిలబడదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడి మీద రుజువు కాదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23. ఇంతకాలం ఈ నియమం ఎందుకుందో జూనియర్లకి చెప్పాలంటే నేను ఈ సినిమానే చెప్తాను.

ఆ ఐదుగురినీ వరసగా నిలబెట్టిన సీన్ కూడా అంతే. మన గుర్తింపు పరేడ్ మెజిస్ట్రేట్ ముందు జరుగుతుంది. అనుమానితుడి పోలికలున్న, కేసుతో సంబంధం లేని మనుషుల్ని కలిపి నిలబెడతారు. అందరూ పాత నేరస్తులనే నిలబెడితే దాన్ని గుర్తింపు అనరు. వెర్బల్ కూడా ఈ మాట తనే అంటాడు, ఐదుగురు నేరగాళ్లని ఎవరూ ఒక గదిలో పెట్టరని. అబద్ధాల మధ్యలో చెప్పిన నిజం అదొక్కటి.

నా దృష్టిలో సాక్షి ఒక్కడే, ఆ హంగేరియన్. అతను సోజేని ముందే ఎరిగి ఉండి, ఆ మొహమే చెప్పి, ఆ పేరే పలికాడు. తమ్ముడి వాదన ఇక్కడ కూలిపోతుంది నాని గారూ. “ఓడ మీద ఒకడు కాల్చాడు” అని చెప్పలేదు సాక్షి. “సోజేని చూశాను” అన్నాడు. మనిషి, పేరు, మొహం మూడూ ఒకే నోట వచ్చాయి.

బెజవాడ_బుల్లోడు

వకీలు గారు వచ్చాక ఫీజు లేకుండా తీర్పు దొరికింది.

నైట్‌షో_నాని

తమ్ముడికి చదివి వినిపించాను. “ఎరుగుదును అన్నాడు సరే, ఎవరో వెర్బల్‌నే సోజే అని అతనికి ఇంతకుముందు పరిచయం చేసి ఉంటే?” అంటున్నాడు. అంటే అసలువాడు తన బదులు ఇంకొకణ్ని తిప్పుతుంటాడట. అదీ కోబయాషీయేనట.

గుంటూరు_వకీలు

మీ తమ్ముణ్ని లా చదివించండి.

సబ్‌టైటిల్_సరిత

మనవాళ్లకి ఇది కొత్త కాదు. విరాటపర్వం గుర్తు తెచ్చుకోండి. కంకుభట్టు ధర్మరాజు, వలలుడు భీముడు, బృహన్నల అర్జునుడు. తేడా ఏంటంటే అక్కడ మనకి మొదటినుంచీ తెలుసు, తెలియనిది విరాటుడికి. ‘నర్తనశాల’ చూస్తూ ఎప్పుడు బయటపడతారా అని కాచుకుంటాం. ఈ సినిమాలో మనల్ని తీసుకెళ్లి ఉత్తర కుమారుడి పక్కన రథంలో కూర్చోబెట్టారు. పగ్గాలు పట్టుకున్నది ఎవరో మనకీ తెలియదు.

ఓరుగల్లు_పిల్ల

సరితక్కా, గీ పోలిక మస్తుగుంది. కానీ ఉత్తరుడికి అర్జునుడే నేను ఫలానా అని చెప్పుకుంటాడు, జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపించి చూపిస్తాడు. కుజాన్‌కి ఎవరూ చెప్పలేదు.

సబ్‌టైటిల్_సరిత

గోడ మీద బోర్డే ఆ జమ్మిచెట్టు. ఆయుధాలన్నీ అక్కడే కట్టి ఉన్నాయి. కుజాన్ రాకముందు వెర్బల్ ఒక్కడే ఆ గదిలో కూర్చుని నింపాదిగా కళ్లు తిప్పుతాడు చూడు, దింపుకుంటున్నది అప్పుడే.

స్టేషన్_రైటర్_గారబ్బాయి

సరిత గారు, ఇది నాన్నకి చెప్పి తీరాలి.

ఆ బోర్డు తయారుచేసిన కంపెనీ పేరు క్వార్టెట్, ఊరు ఇల్లినాయ్‌లోని స్కోకీ. వెర్బల్ మధ్యలో నేను స్కోకీలో ఒక క్వార్టెట్‌లో పాడేవాణ్ని అంటాడు. కథకి ఏ అవసరమూ లేని మాట. అయినా పడేస్తాడు. క్యాలెండర్ మనిషి కూడా అంతేనట, అడక్కుండానే షావుకారు గారి ఊరి తీర్థం గురించి చెప్పాడట.

రైన్_గట్టు

నేను జర్మనీలో ఉంటున్నాను, మా పై ఫ్లోర్‌లో ఒక టర్కీ కుటుంబం ఉంది. ఒకసారి మాటల్లో ఈ సినిమా వస్తే ఆయన అన్నారు, టర్కిష్‌లో ‘సోజ్’ అంటే మాట. ‘సోజె బోమక్’ అని ఒక నుడి ఉంది, మాటల్లో ముంచెయ్యడం అని అర్థమట. రచయిత క్రిస్టఫర్ మెక్‌క్వారీ ఆ పేరు తీసుకున్నది అక్కడి నుంచే. కైజర్ అంటే ఇక్కడి భాషలో చక్రవర్తి. మాటలతో ముంచేసేవాళ్లకి చక్రవర్తి. ఇటు చూస్తే వెర్బల్ అంటే నోటిమాట. రెండు భాషల్లో ఒకటే పేరు పెట్టి మన ముందే నిలబెట్టాడు.

నా మటుకు నాకు కోబయాషీ, కీటన్ ఇద్దరి కేసూ ఆ రోజే ముగిసింది.

పాత_సీడీ

ఇది దెబ్బే. ఒప్పుకుంటున్నాను. పేరు దగ్గర నా దగ్గర జవాబు లేదు.

కాకినాడ_కాజా

పాతికేళ్ల కోట కూలింది!

పాత_సీడీ

సగమే. ఎందుకంటే నాకు ఒకటి మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది. కీటన్ సోజే అన్న మాట వెర్బల్ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. కుజాన్ అన్నాడు. వెర్బల్ కాదు కాదు అని ఏడ్చాడు. నన్ను ఏడేళ్లు నమ్మించింది వెర్బల్ కాదండీ, కుజాన్.

ఓరుగల్లు_పిల్ల

ఈ చర్చ మొత్తంలో నాకు బాగా తగిలిన మాట ఇదే.

స్టేషన్_రైటర్_గారబ్బాయి

ఇది నాన్న పక్కనే కూర్చుని చెప్తుంటే రాస్తున్నాను. విచారించేవాడు ఒక పేరు ముందే మనసులో పెట్టుకుని గదిలోకొస్తే, ఎదుటివాడు పావుగంటలో ఆ పేరు పసిగడతాడు. తర్వాత అబద్ధం చెప్పే శ్రమ కూడా ఉండదు, వద్దు వద్దంటూ వెనక్కి లాగితే చాలు, ఈయనే ముందుకి తోసుకుపోతాడు. కుజాన్‌కి కీటన్ అంటే పాత కక్ష. వచ్చిందే కీటన్ కోసం. సగం కథ వెర్బల్ బోర్డు చూసి అల్లాడు, మిగతా సగం కుజాన్ మొహం చూసి అల్లాడు. ఆ క్యాలెండర్ మనిషిని అడిగేటప్పుడు కూడా “షావుకారుకే అమ్ముంటావు, అవునా?” అని ముందు తామే అన్నారట. ఇన్నేళ్లకి ఇవాళ గుర్తొచ్చింది ఆయనకి. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

డల్లాస్_డాక్టరమ్మ

మాటల్లో ముంచడం సంగతి అలా ఉంచి, వెర్బల్ ఒంటి సంగతి నన్ను చెప్పనివ్వండి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు రెండూ లాగేసినట్టు నటిస్తాడు కెవిన్ స్పేసీ. అలా నడిచేవాళ్లని రోజూ చూస్తాను నేను. పాదం లోపలికి తిరిగి, బరువంతా ఒక పక్కకి వేస్తాడు. బయటికొచ్చాక నాలుగడుగుల్లో ఆ పాదం మెల్లగా తిన్నగా అవుతుంది, తర్వాత వేళ్లు విప్పుకుంటాయి, సిగరెట్ వెలిగిస్తాడు. కౌంటర్లో తిరిగిచ్చిన వస్తువులేంటి? బంగారు వాచీ, బంగారు లైటర్. ఓడ మీద వెలిగిన లైటర్ అదే. ఆ సంవత్సరం ఆస్కార్ సహాయ నటుడిగా అతనికే వచ్చింది, స్క్రీన్‌ప్లేకి మెక్‌క్వారీకి వచ్చింది.

కోబయాషీ సోజే అయితే ఆ లైటర్ వెర్బల్ జేబులో ఎందుకుంది?

నైట్‌షో_నాని

లైటర్! రెండు రోజులుగా నేను వెతుకుతున్నది ఇదే డాక్టరమ్మా.

మొదటిబెంచీ_మూర్తి

ఇంత మెచ్చుకుంటున్నాం గానీ, అమెరికన్ సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఈ సినిమాకి ఒకటిన్నర స్టార్లే ఇచ్చాడు తెలుసా. కథంతా అబద్ధమని తేలాక అంతసేపు మనం చూసింది దేనికి అన్న బాధ ఆయనది. నేను ఒప్పుకోను. కానీ ఆ బాధ న్యాయమైనదే. ఫెన్‌స్టర్‌ని సముద్రపు ఒడ్డున పూడ్చేటప్పుడు నాకు గుండె బరువెక్కింది. అసలు ఫెన్‌స్టర్ అలాంటివాడో కాదో కూడా తెలియదు కదా.

ఓరుగల్లు_పిల్ల

మూర్తి గారూ, మా నాయనమ్మ చెప్పే కథల్లో ఏడుచేపల కథ కూడా అబద్ధమే, ఎండని చేప కోసం నేను చిన్నప్పుడు నిజంగానే బెంగపడ్డాను. అయినా ఫెన్‌స్టర్, హాక్నీ, మెక్‌మానస్ మనుషులుగా ఉన్నారు, పోలీసు వరసలో నిలబడ్డారు, చచ్చారు. అది రికార్డు. వాళ్లు ఎలా నవ్వేవాళ్లన్నదే వెర్బల్ చెప్పింది.

బెజవాడ_బుల్లోడు

దీన్ని హిందీలో ‘చాక్లెట్’ అని తీశారు 2005లో. అది చూసి ఇది చూసినవాడికి కప్పు పగిలేది ముందే తెలిసిపోతుంది. మా బావ పరిస్థితి అదే, పాపం.

నైట్‌షో_నాని

రాత్రి ఇద్దరం మళ్లీ కూర్చున్నాం. మొదటి సీన్ దగ్గర ఆపి, టీవీకి జానెడు దూరంలో నిలబడి తాళ్ల కుప్ప చూశాం. మూర్తి గారు చెప్పినట్టే, వెనక ఎవరూ లేరు, ఉత్త చీకటి. తర్వాత రెండోసారి అదే చోటు వచ్చినప్పుడు ఆపాం, అక్కడ వెర్బల్ ఉన్నాడు. తమ్ముడు రిమోట్ తీసుకుని వెనక్కీ ముందుకీ ఏడెనిమిదిసార్లు తిప్పాడు. లైటర్ దగ్గర కూడా అంతే. చివరికి “సరే, వెర్బలే” అన్నాడు.

నేను సంబరపడి లైటు ఆర్పబోతుంటే వాడు మళ్లీ అడిగాడు: “అన్నయ్యా, మరి పేరు కప్పు మీదిదే అయినా మనిషి నిజం కదా. కారులో ఉన్నాయన అసలు పేరేంటి?”

పాత_సీడీ

ఇది కొత్త టాపిక్‌గా పెట్టండి నాని గారూ, నేను వస్తాను.